డీవీసీ (గృహహింస కేసు) వేసేముందు గోడ మీది క్యాలెండర్ దించండి

నేను వకీలును కాను. బోరబండలో మిషన్ కుట్టుకుని బతుకుతాను. నా కేసు ఒక కొలిక్కి వచ్చాక మా బస్తీలో ఇద్దరు ముగ్గురికి తోడుగా నాంపల్లి కోర్టు మెట్లెక్కాను, అంతే.

డీవీసీ వేయగానే మొగుణ్ణి జైల్లో పెడతారనుకుంటారు చాలామంది. పెట్టరు. 2005 నాటి గృహహింస చట్టం కింద మొదట మెజిస్ట్రేట్ ఒక ఉత్తర్వు ఇస్తారు: చెయ్యి చేసుకోకూడదు, ఆమె పనిచేసే చోటికి రాకూడదు, ఫోన్లు చేసి వేధించకూడదు అని. అది దాటాడా, అప్పుడది నేరం. ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా, లేదంటే రెండూ.

పుట్టింట్లో తలదాచుకుంటే ఆ ఏరియా కోర్టులోనే వేయొచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసర్ (ఈ కేసుల్లో సాయానికి సర్కారు పెట్టిన అధికారి) ద్వారా వేసినా సరే, నేరుగా వేసినా సరే. వకీలు ఫీజుకు భయపడకండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కు ఫోన్ చేయండి.

ఇక అసలు సంగతి, తారీఖులు. నా పిటిషన్‌లో 'రోజూ తాగొచ్చి కొడతాడు' అని రాయించాను. 'చివరిసారి ఎప్పుడమ్మా?' అని మెజిస్ట్రేట్ మేడమ్ అడిగితే నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి వంటింటి గోడ మీది క్యాలెండర్ దించి కూర్చున్నా. గ్యాస్ బండ వచ్చిన రోజు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. బండ అయిపోయి అన్నం ఆలస్యమైందనే కదా, ఆ ముందురోజు నా మోచేతి మీద గరిటెతో కొట్టింది! పాలవాడి లెక్కలు, పిల్లాడు బడికి పోని రోజులు, దవాఖాన చీటీ, అన్నీ పక్కన పెట్టుకుంటే ఆరు తారీఖులు తేలాయి.

రెండో తప్పు కూడా నాదే. 'కొట్టకుండా చూడండి' అని మాత్రమే అడిగాను. ఉత్తర్వు వచ్చింది, కొట్టలేదు. తాళం మార్చాడు. నా కుట్టుమిషన్ లోపల, నేను బయట. మళ్లీ దరఖాస్తు, మళ్లీ వాయిదా. కాబట్టి ఏం కావాలో మొదట్లోనే విడివిడిగా రాయించండి: ఆ ఇంట్లో ఉండనివ్వాలని, నెల ఖర్చులు, పిల్లలు, మీ నగలు, సర్టిఫికెట్లు. ఇల్లు అత్తగారి పేరున ఉందని జంకకండి. కాపురం చేసిన ఇల్లు వాళ్లదైనా అక్కడ ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో అని చట్టంలో ఉంది. వాయిదాల సంగతి కోర్టుకు పోయినవాళ్లకే ఎరుక. అందుకే పిటిషన్‌తో పాటే మధ్యంతర ఉత్తర్వు (తీర్పు వచ్చేలోపు ఇచ్చేది) అడగండి. దానికి ప్రమాణపత్రం (అఫిడవిట్) జతచేయాలి. పరిస్థితి ప్రమాదంగా ఉంటే అవతలివాడు రాకముందే ఇవ్వొచ్చు.

ఉత్తర్వు కాపీ మనకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌కు కోర్టే పంపుతుంది, అయినా నేను జిరాక్సులు తీయించాను. ఒక రాత్రి షాపు ముందు వచ్చి అరిస్తే 112కు ఫోన్ చేసి, వచ్చిన కానిస్టేబుల్‌కు ఒకటి చూపించా. రెండోది మిషన్ సొరుగులో, కొలతల పుస్తకం కింద ఉంది.