పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయా? ముందు ఏదీ నొక్కకండి

మొన్న మా అక్క కూతురు బీటెక్ ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ తీయించుకోవడానికి జిరాక్స్ షాపుకెళ్లింది. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి చూసుకుంటే ఫోల్డర్ల పేర్లు అవే ఉన్నాయి గానీ, ప్రతి బొమ్మ మీదా ఎడమవైపు కింద చిన్న బాణం గుర్తు, సైజు ఒకటి రెండు కేబీ. "మామయ్యా, నాలుగు నెలల పని పోయింది" అని ఒకటే ఏడుపు. పోలేదు. ఈ రకం వైరస్ మామూలుగా ఫైళ్లను చెరిపేయదు, దాచేస్తుంది.

అదెలా పనిచేస్తుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. అసలు ఫోల్డర్లను హిడెన్ చేసి, కొన్నిసార్లు అన్నిటినీ పేరులేని ఒక ఫోల్డర్‌లోకి తోసేసి, వాటి స్థానంలో అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. మీరు నొక్కగానే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు. ఆ కంప్యూటర్‌లో తిష్ట వేశాక, తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అంటుకుంటుంది.

అందుకే ముందు శుభ్రం చేయాల్సింది కంప్యూటర్‌ని. చాలామంది పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేసి, మళ్లీ అదే కంప్యూటర్‌కి పెట్టి, మళ్లీ షార్ట్‌కట్‌లు వచ్చాయని తల పట్టుకుంటారు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లి, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ అయిన డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, సుమారు 15 నిమిషాలు పడుతుంది, తెరిచి ఉన్న పని ముందే సేవ్ చేసుకోండి. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి.

ఇప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ ఆన్ చేయండి. అయినా కనబడకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్ తీసేయండి, పనయ్యాక మళ్లీ పెట్టేయండి. మసకగా కనిపించే ఫోల్డర్లే మీవి. అందులోంచి మీ డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, సరిగ్గా తెరుచుకుంటున్నాయో చూసుకున్నాకే పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేయండి. మా పిల్ల రిపోర్టు పేరులేని ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా దొరికింది.

ఆ వ్యూ, షో దగ్గరే ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కూడా ఆన్ చేసేయండి, అంటే అది ఏ రకం ఫైలో చెప్పే, పేరు చివర చుక్క తర్వాత ఉండే అక్షరాలు, విండోస్‌లో ఇది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. 2000 మే నెలలో ప్రపంచాన్ని చుట్టేసిన ఐ లవ్ యూ వైరస్ దీన్నే వాడుకుంది. ఈమెయిల్‌లో వచ్చిన ఫైల్ చివర అసలు వీబీఎస్ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) అని ఉంటే, అది దాగిపోయి జనానికి టీఎక్స్‌టీ (మామూలు రాత ఫైల్) వరకే కనబడింది, మామూలు ఉత్తరం అనుకుని తెరిచారు. ఇప్పుడు ఫోన్లలోనూ ఇదే మోసం. వాట్సాప్‌లో శుభలేఖ అనో ట్రాఫిక్ చలాన్ అనో చివర ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) ఉన్న ఫైల్ వస్తే, పంపింది సొంత బాబాయే అయినా ఇన్‌స్టాల్ చేయొద్దు, శుభలేఖ యాప్‌గా రాదు. ఆయన ఫోన్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కొన్నిటికి మీరు నొక్కాల్సిన పని కూడా లేదు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ నెట్‌వర్క్ మీద తనంతట తానే పాకి, ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. కాబట్టి అప్‌డేట్ అడిగితే "తర్వాత" నొక్కకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇంకా అదే వాడుతుంటే మారే ఆలోచన చేయండి. పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు ఒక హార్డ్‌డిస్క్‌లో కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది.

మా పిల్ల ఇప్పుడు ప్రింట్ కోసం పాత పెన్‌డ్రైవ్ ఒకటి వేరుగా పెట్టుకుంది. అందులో ఆ రోజు కావాల్సిన పీడీఎఫ్ ఒక్కటే వేసుకుని వెళ్తుంది, ఇంటికొచ్చాక ఏదీ తెరవకుండా నేరుగా ఫార్మాట్ చేస్తుంది.