పరిశోధనలు వెతుక్కుందాం – 3వ పాఠం: నల్గొండ నీళ్ల మీద ఎన్ని చదువులో!

కిందటి పాఠం ఇంటిపనితో మొదలుపెడదాం. శాస్త్రవేత్తలు తమ పేపర్లను నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టే ఆర్కైవ్ భాండాగారంలో, రష్యా గణితవేత్త గ్రిగోరీ పెరెల్మాన్ పెట్టిన గణితం పేపరు నంబరు 0211159 ఇచ్చి, పేపరు తెరవకుండానే అది ఎప్పటిదో చెప్పమన్నాను. మొదటి రెండు అంకెలు ఏడాది, తర్వాతి రెండు నెల. అంటే 2002 నవంబరు. చివరి మూడు అంకెలు ఆ నెలలో గణితం కింద వచ్చినవాటిలో వరస సంఖ్య. దాదాపు వందేళ్లుగా ఎవరికీ కొరుకుడుపడని పాయింకరే ఊహ అనే గణితం చిక్కుముడికి దారి చూపిన పేపరు, ఆ క్యూలో 159వదిగా నిలబడి ఉంది. పెరెల్మాన్ దాన్ని ఏ పత్రికలోనూ అచ్చు వేయించుకోలేదు. 2007లో నంబర్ల పద్ధతి కొంచెం మారింది కానీ, మొదటి నాలుగంకెలు చదివే తీరు మాత్రం అదే.

ఆర్కైవ్‌లో ఉండేవి ఎక్కువగా భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్లు. మన ఊరి చెరువు గురించో, తాతల నాటి వృత్తి గురించో అక్కడ దొరకదు. దానికి శోధ్‌గంగ కావాలి.

పీహెచ్‌డీ పట్టా వచ్చాక ఆ థీసిస్ ఎక్కడికి పోతుంది? ఒక ప్రతి యూనివర్సిటీ లైబ్రరీకి, ఒకటి గైడుగారి బీరువాలోకి, ఒకటి రాసినవాళ్ల ఇంటి అటక మీదికి. చాలా కాలం అంతే. 2009లో యూజీసీ నిబంధన తెచ్చాక థీసిస్ ఎలక్ట్రానిక్ ప్రతిని కూడా ఇవ్వాల్సి వచ్చింది. వాటన్నిటినీ ఒకచోట పెట్టి ఎవరికైనా ఉచితంగా చూపించేదే శోధ్‌గంగ. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న, యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దాన్ని నడుపుతోంది. అందులో ఇప్పుడు 5 లక్షలకు పైగా థీసిస్‌లు ఉన్నాయి. పాతవాటిని కూడా కొన్ని యూనివర్సిటీలు స్కాన్ చేసి ఎక్కించాయి.

అన్ని లక్షల్లో మనకు కావాల్సింది ఎలా పట్టుకోవాలన్నదే ఈ పాఠం. ఊరికే చదివితే రాదు, పక్కన శోధ్‌గంగ తెరిచి పెట్టుకోండి. మనం పట్టుకునే విషయం నల్గొండ ఫ్లోరైడు. తాగే నీళ్లలో అది ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బే ఫ్లోరోసిస్.

ఒక్కొక్కరిది ఒక్కో మాట

ముందు నా అనుభవం చెబుతాను. మొదటిసారి నేను వెతుకుడు పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో "నల్గొండ ఫ్లోరోసిస్" అని కొట్టాను. వచ్చినవి తక్కువే. ఇంత పెద్ద సమస్య మీద ఇంతేనా పని జరిగింది అని నిట్టూర్చి మూసేశాను. చాలా నెలల తర్వాత, వేరే పని మీద ఒక వాగు పేరుతో ఉన్న భూగర్భశాస్త్రం థీసిస్ తెరిస్తే లోపల అంతా ఇదే గొడవ. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో ఫ్లోరైడు ఎంత, ఏ రాయిలోంచి వస్తోంది, అన్నీ ఉన్నాయి. పేరులో నల్గొండ లేదు, ఫ్లోరోసిస్ అసలే లేదు. పని జరక్కపోవడం కాదు, నాకు అడగడం రాలేదు.

నీళ్లు అవే. కానీ ఒక్కో శాఖ వాటిని తన మాటతో పిలుస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే పాఠంలో సగం అయిపోయినట్టే.

భూగర్భశాస్త్రం వాళ్లకు జిల్లా సరిహద్దుతో పనిలేదు. భూమిలో నీరు కలెక్టరుగారి మ్యాపు చూసి పారదు కదా. వాళ్లు వాగు పేరుతోనో, పరివాహక ప్రాంతం పేరుతోనో థీసిస్ రాస్తారు. "గ్రౌండ్ వాటర్ క్వాలిటీ", "హైడ్రోజియోకెమిస్ట్రీ", "గ్రానైట్" అనేవి వాళ్ల మాటలు. నల్గొండ కింద ఉన్నది గ్రానైటు నేల. ఆ రాళ్లలోని ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. వాన తక్కువై, నీరు రాతిలో ఎక్కువ కాలం నిలవ ఉండి, అందులో కాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉంటే ఇంకా దిగుతుంది. ఈ కథ చెప్పే థీసిస్‌కి "డిసీజ్" అనే కీలకపదం ఎందుకుంటుంది?

రసాయనశాస్త్రం, సివిల్ ఇంజినీరింగ్ వాళ్లది ఇంకో గొడవ. నీళ్లలోంచి దాన్ని తీసేయడం ఎలా? వాళ్ల మాట "డీఫ్లోరిడేషన్", లేదా "ఎడ్సార్ప్షన్". చింతగింజల పొడి దగ్గర్నుంచి ఎర్రమట్టి, బొగ్గు, అల్యూమినా దాకా ఫ్లోరైడును పీల్చుకునే ప్రతి వస్తువూ ఇక్కడ పరీక్షకు కూర్చుంటుంది. ఇక్కడొక బోల్తా కొట్టించే సంగతి ఉంది. "నల్గొండ టెక్నిక్" అని ఒక పద్ధతి ఉంది. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ 1970లలో తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి కలియబెట్టి, తేర్చి, పైనీళ్లు వాడుకోవడం. ఆ పేరు టాంజానియా దాకా వెళ్లింది. కాబట్టి వెతుకులాటలో నల్గొండ అని కనబడ్డదల్లా నల్గొండ గురించి కాదు. తెరిస్తే రాజస్థాన్ నీళ్లు ఉండొచ్చు.

దంతవైద్యులు "డెంటల్ ఫ్లోరోసిస్" అంటారు, పళ్ల మీది గారను "డీన్ ఇండెక్స్"తో కొలుస్తారు. ఎముకల డాక్టర్లు "స్కెలిటల్ ఫ్లోరోసిస్" అంటారు. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే స్థితికి వాళ్ల మాట "జెను వాల్గమ్". సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం విభాగాల్లో అయితే "డ్రింకింగ్ వాటర్", "డిజెబిలిటీ", "మూవ్‌మెంట్" అని వెతకాలి. బిందెడు మంచినీళ్ల కోసం ఆడవాళ్లు ఎంత దూరం నడిచారో, ఆ ఊళ్ల పిల్లలకు పెళ్లి సంబంధాలు ఎందుకు తప్పిపోయాయో గ్రానైటు వాళ్లు రాయరు.

కాగితం తీసుకుని ఈ శాఖల పేర్లు ఒకపక్క, వాళ్ల మాటలు ఇంకోపక్క రాసుకోండి. ఒక్కో మాటా కొట్టి చూడండి, వచ్చిన జాబితా ప్రతిసారీ వేరుగా ఉంటుంది.

టైపిస్టు చేసిన తప్పు మనమూ చేయాలి

ఇంగ్లీషులో ఫ్లోరైడు రాసేటప్పుడు "యు" ముందు, "ఓ" తర్వాత. తొందరలో అవి అటూ ఇటూ అయితే ఫ్లోరైడు మొదట్లో గోధుమపిండి వచ్చి కూర్చుంటుంది. నవ్వకండి, ఆ తప్పుతో ఎక్కినవి ఉంటాయి. కంప్యూటరు మనం కొట్టిన అక్షరాలనే చూస్తుంది కాబట్టి, తప్పు స్పెల్లింగుతో కూడా ఒకసారి వెతకండి. అలాగే నల్గొండ, నలగొండ. తెలుగు పేర్లకు ఇంగ్లీషులో ఒక పద్ధతంటూ లేదు. "త"కు ఒకరు హెచ్ పెడతారు, ఒకరు పెట్టరు. దీర్ఘానికి ఒకరు రెండు "ఈ"లు కొడతారు, ఒకరు ఒక్క "ఐ"తో సరిపెడతారు.

తెలుగు సాహిత్యం మీద వెతికేవాళ్లకు ఇంకో తలనొప్పి. తెలుగులో రాసిన థీసిస్ పేరు ఒకచోట తెలుగు లిపిలో, ఒకచోట ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకచోట అనువాదంగా ఎక్కుతుంది. మూడు రకాలుగానూ వెతకాల్సిందే. లోపలి పేజీలు పాత డీటీపీ ఫాంట్లలో ఉంటే కాపీ చేసినప్పుడు పిచ్చి గుర్తులు వస్తాయి. మీ కంప్యూటరు పాడైందని కంగారు పడకండి.

ఊళ్ల పేర్ల కంటే జిల్లాల పేర్లు ఎక్కువ మోసం చేస్తాయి. 2016 అక్టోబరు దాకా సూర్యాపేట, భువనగిరి నల్గొండలోనే ఉండేవి. 2014 జూన్‌కు ముందు రాసిన థీసిస్‌లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇంకా వెనక్కి, 1956కు ముందుకు వెళ్తే హైదరాబాద్ రాష్ట్రం. ఆంధ్ర వైపు కూడా అంతే. కనిగిరి, పొదిలి, దర్శి మనకు ప్రకాశం అని గుర్తొస్తాయి గానీ, 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ సంగతి కాసేపట్లో అవసరమవుతుంది.

దొరికింది, ఇక తెరుద్దాం

థీసిస్ పేజీ తెరవగానే పేరు, పరిశోధకుల పేరు, గైడు పేరు, కీలకపదాలు, యూనివర్సిటీ, విభాగం కనిపిస్తాయి. పూర్తిచేసిన తేదీ, ఎక్కించిన తేదీ వేరువేరు. 1990ల నాటి పని నిన్నగాక మొన్న ఎక్కి ఉండొచ్చు, దాన్ని కొత్త లెక్కగా వాడకండి. గైడు పేరు మీద నొక్కండి. ఒక గైడు దగ్గర చేసినవాళ్లు తరచు ఒకే ప్రాంతం మీద వరసగా పని చేస్తారు. నా వరకు, పెట్టెలో మాటలు కొట్టి పట్టుకున్నవాటి కంటే గైడు పేరు పట్టుకుని వెళ్తే దొరికినవే ఎక్కువ పనికొచ్చాయి.

కింద అధ్యాయాలన్నీ విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటాయి. 01 నుంచి మొదలుపెట్టి సర్టిఫికెట్లు, కృతజ్ఞతలు చదువుతూ కూర్చోకండి. చాలావాటిలో చివర 80 అంకెతో మొదలయ్యే ఒక ఫైలు ఉంటుంది. ముగింపు, సారాంశం అందులో దొరుకుతాయి. ముందు అది చదవండి. పనికొస్తుందనిపిస్తే పూర్వ పరిశోధనల అధ్యాయానికి వెళ్లండి. సాధారణంగా అది రెండోది.

శాతాలు కనబడ్డప్పుడు మాత్రం ఆగండి. ఒక థీసిస్ ఒక మండలంలో సగానికి పైగా బావులు పనికిరావంటుంది, ఇంకొకటి అదే మండలంలో పావు వంతే అంటుందనుకోండి. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని కాదు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీటి వనరు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5. ఒకరు 1 దగ్గర గీత గీసి లెక్కేస్తారు, ఇంకొకరు 1.5 దగ్గర. లీటరుకు 1.2 ఉన్న బావి మొదటి లెక్కలో చెడ్డది, రెండో లెక్కలో మంచిది. దానికితోడు నమూనా ఎండాకాలంలో తీశారా, వానలు పడ్డాక తీశారా, చేదబావా, లోతైన బోరా అన్నవి. ఇవన్నీ పద్ధతుల అధ్యాయంలో ఉంటాయి. అందరూ దాటేసే అధ్యాయం అదే.

తీగ లాగడం

పూర్వ పరిశోధనల అధ్యాయాలు మూడు నాలుగు చదివేసరికి కొన్ని పేర్లు మళ్లీ మళ్లీ తగులుతాయి. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాసిన పేపరు. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా రోగుల మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసినది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కృష్ణస్వామి జెను వాల్గమ్ గురించి లాన్సెట్‌లో రాసినది.

ఈ మూడింటినీ ప్రస్తావించిన వాళ్లందరూ చదివే ప్రస్తావించారని నమ్మకండి. ఒకరు రాసిన వాక్యాన్ని ఇంకొకరు, ఆయనది మరొకరు దించుకుంటూ పోతే, మూడో చేతికి వచ్చేసరికి ఏడాదో, ఊరో మారిపోతుంది. 1937 నాటి "నెల్లూరు"ను ఇప్పటి నెల్లూరు అనుకుంటే వచ్చే చిక్కు అలాంటిదే. అసలు పేపరు చూడటమే దారి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ సెంట్రల్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలన్నీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. శోధ్‌గంగలో బయల్దేరి అక్కడికి చేరడమంటే, ఒక బీరువాలో దొరికిన తాళంచెవితో ఇంకో బీరువా తెరవడమే.

ఇంటిపని

ఒకటి: 1955 నాటి పేపరును పబ్‌మెడ్ సెంట్రల్‌లో పట్టుకోండి. పేరులో నల్గొండ పక్కన ఏ ప్రాంతం పేరు ఉందో చూసి, అలా ఎందుకుందో ఒక్క వాక్యంలో రాసుకోండి. జవాబు ఈ పాఠంలోనే ఉంది.

రెండు: శోధ్‌గంగలో మూడు వేర్వేరు విభాగాల నుంచి ఫ్లోరైడు మీద మూడు థీసిస్‌లు తీయండి. ఒక్కొక్కరూ గీత ఎక్కడ గీశారో, 1 దగ్గరా 1.5 దగ్గరా, రాసుకోండి.

మూడు: ఇది మీ సొంతానికి. మీ ఊళ్లో అందరూ మాట్లాడుకునే సమస్య ఒకటి తీసుకోండి. చేనేత, రొయ్యల చెరువులు, గల్ఫ్ వలసలు, ఏదైనా సరే. దాన్ని కనీసం నాలుగు శాఖలు ఏ మాటలతో పిలుస్తాయో రాసి, ఆ తర్వాతే వెతకండి. రొయ్యల చెరువుల వాళ్లకు ఒక సూచన: జంతుశాస్త్రం దగ్గర మొదలుపెట్టినా పర్లేదు, పక్క పొలం రైతు బావి ఎందుకు ఉప్పెక్కిందో మాత్రం వేరే విభాగంలో వెతకాలి.