నలుపు తెలుపు రీలు కడిగి, చేత్తో ప్రింటు తీసే ల్యాబును ఎంచుకోవడం ఎలా

నలుపు తెలుపు రీలును కడిగించడం ఒక పని, ఆ నెగెటివ్ నుంచి చేత్తో ప్రింటు తీయించడం మరొక పని. రెండూ ఒకే చోట జరగాలన్న నియమం లేదు. కడిగేవారు మీ ఊళ్లోనే దొరికినా, ప్రింటు కోసం నెగెటివ్‌ను వేరే నగరానికి పంపవలసి రావచ్చు.

ముందుగా రీలు మీద ఏ పేరు ఉందో చూసుకోవాలి. ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ నలుపు తెలుపు ఫిల్మే అయినా, కలర్ ఫిల్ములకు వాడే సీ-41 పద్ధతిలో కడిగేందుకు తయారైనది. కొడాక్ ట్రై-ఎక్స్, ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్, ఎఫ్‌పీ4 ప్లస్ అలాంటివి కావు. వాటిలో బొమ్మ నిలిచేది వెండితో. సీ-41లోని బ్లీచ్, ఫిక్సర్ అనే రసాయనాలు కలిసి ఆ వెండినంతా కరిగించేస్తాయి. ఈ సంగతి చెప్పకుండా నేను ఒకసారి ఒక దుకాణంలో ట్రై-ఎక్స్ రీలు ఇచ్చి వచ్చాను. మూడు రోజుల తర్వాత, అంచున ఉండే అంకెలు సైతం మిగలని ఖాళీ పట్టీ చేతికి వచ్చింది. తప్పులో సగం నాదే. అప్పటినుంచి రీలు మీద "బ్లాక్ అండ్ వైట్, సీ-41లో వేయవద్దు" అని స్కెచ్ పెన్నుతో రాసి, నోటితోనూ చెప్పి వస్తున్నాను.

హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలోని కెమెరా దుకాణాల నుంచి వెతుకులాట మొదలుపెట్టవచ్చు. పాత కెమెరాలు బాగుచేసేవారికి, ఎవరు ఎక్కడ ఇంకా రీళ్లు కడుగుతున్నారో సాధారణంగా తెలిసి ఉంటుంది. మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ బోధిస్తారు. అక్కడ చదివినవారిని అడిగితే సొంత డార్క్‌రూమ్ ఉన్నవారి ఆచూకీ దొరకవచ్చు.

ల్యాబు దొరికాక, ఏ డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను పైకి తేల్చే రసాయనం) వాడతారో, దాన్ని ఎన్ని రీళ్లకు ఒకసారి మారుస్తారో కనుక్కోవాలి. అంతకంటే ముఖ్యమైనది ఉష్ణోగ్రత సంగతి. డెవలపింగ్‌కు ఇచ్చే సమయాలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు లెక్కగట్టినవి, మన మే నెలలో ట్యాంకు నీళ్లే 30 దాటుతాయి. "ఎండాకాలంలో ఎలా చల్లబరుస్తారు?" అని అడిగినప్పుడు, ఐసు వేసిన తొట్టెలో సీసాలు పెట్టి థర్మామీటరు చూసుకుంటామని చెప్పేవారిని నమ్మవచ్చు, "ఏం కాదు సార్" అనేవారికి రీలు ఇవ్వకపోవడమే మేలు. 400 ఐఎస్‌ఓ (ఫిల్ము వెలుగుకు స్పందించే వేగం) ఫిల్మును కెమెరాలో 800గా పెట్టి తీసి ఉంటే ఆ మాట తప్పక చీటీ మీద రాయాలి, ఎందుకంటే కడిగే సమయం మారుతుంది. హెచ్‌పీ5 ప్లస్‌కు పలచన చేయని ఐడీ-11 అనే డెవలపర్‌లో 400 అయితే ఏడున్నర నిమిషాలు, 800 అయితే పదిన్నర నిమిషాలు పడుతుంది.

ప్రింటు దగ్గర మరింత జాగ్రత్త కావాలి. నెగెటివ్‌ను స్కాన్ చేసి యంత్రంలో కలర్ పేపరు మీద తీసినదాన్ని కూడా చాలా చోట్ల "బ్లాక్ అండ్ వైట్ ప్రింటు" అనే ఇస్తారు. నమూనాను కిటికీ వెలుతురులో పట్టి చూసినప్పుడు, బూడిద రంగు చోట్ల లేత ఊదా ఛాయో ఆకుపచ్చ ఛాయో తగిలితే అది చాలావరకు కలర్ పేపరే. చేత్తో తీసే ప్రింటు, నెగెటివ్ బొమ్మను పెద్దదిగా చేసి పేపరు మీద పడేసే ఎన్‌లార్జర్ కింద, వెండి లవణాలు పూసిన పేపరు మీద, ఎర్ర దీపం వెలుగులో తయారవుతుంది. అది నిజంగా జరుగుతున్నదో లేదో తెలుసుకోవడానికి టెస్ట్ స్ట్రిప్ చూపించమని అడగాలి. ఒకే ముఖం ఐదు, పది, పదిహేను, ఇరవై సెకన్ల వెలుగుకు మెట్లు మెట్లుగా నల్లబడుతూ పోయిన సన్నటి పేపరు ముక్క అది. పని జరిగే డార్క్‌రూమ్‌లో చెత్తబుట్ట నిండా అవే కనిపిస్తాయి.

ముందు కాంటాక్ట్ షీట్ (రీలులోని ఫ్రేములన్నీ అసలు సైజులో ఒకే పేపరు మీద వచ్చే ప్రింటు) ఒక్కటే తీయించుకుని, దాని మీద కావలసిన ఫ్రేములకు గుర్తు పెట్టి ఇవ్వడం పొదుపు. 35 ఎంఎం ఫ్రేము 8×12 అంగుళాలకు సరిగ్గా సరిపోతుంది. 8×10 నింపి తీస్తే అటో ఇటో కోత పడుతుంది కనుక, ఫ్రేము మొత్తం కావాలంటే తెల్ల అంచు వదలమని రాయాలి. ప్లాస్టిక్ పూత ఉన్న ఆర్‌సీ పేపరుకు రెండు నిమిషాలు నీళ్లలో కడిగితే చాలు, ఆ పూత లేని ఫైబర్ పేపరును మామూలు నీళ్లతోనే అయితే గంటసేపు కడగాలి. దాని ఖరీదు ఎక్కువ కావడానికి ఈ శ్రమ కూడా ఒక కారణం. కడగడంలో తొందరపడితే పేపరులో హైపో (ఫిక్సర్ రసాయనం) మిగిలి, ప్రింటు కొన్నేళ్లకు పసుపు పట్టిపోతుంది.

మొదటిసారి ఒక్క నెగెటివే, అదీ కష్టమైనదే ఇవ్వాలి. మిట్టమధ్యాహ్నం అరుగు మీద తెల్ల పంచె కట్టుకుని కూర్చున్న పెద్దాయన, ఆయన వెనక చీకటి గుమ్మం అనుకుందాం. ప్రింటులో పంచె మడతలు, గుమ్మం లోపలి తలుపు గడియ రెండూ కనిపించాయంటే, తీసినవారు వెలుగును ఒకచోట చేత్తో ఆపి, మరోచోట అదనంగా పోశారన్నమాట. అప్పుడు మిగతా రీళ్లు పట్టుకెళ్లవచ్చు. నెగెటివ్‌లను చుట్ట చుట్టి ఇవ్వకుండా, ఆరు ఫ్రేముల చొప్పున కత్తిరించి కవర్లలో పెట్టి ఇమ్మని ముందే చెప్పాలి.