దీపం పెట్టాక ఒక్క వాక్యం
సాయంత్రం దీపం పెట్టాక, కోరికల చిట్టా విప్పకముందే, ఆ రోజు మనసులో ఉన్నది గోడ క్యాలెండర్ గడిలో ఒక్క వాక్యంగా రాయండి. "మనసు బాగాలేదు" అంటే చాలదు. "వరి కోతకొచ్చింది, తుపాను అంటున్నారు, భయంగా ఉంది" అనో, "తోడికోడలి మాటకు ఇంకా మండుతోంది" అనో ఉండాలి. (నవంబరులో కోనసీమలో మొదటిది ఎన్ని ఇళ్లలో ఉంటుందో చెప్పాలా?) దేవుడి ముందు కోపం ఒప్పుకోవడం అపచారం కాదు, అంతర్వేదిలో మనం మొక్కేది నరసింహుడికే కదా! పక్కనే మీ చేతిలో ఉన్న పని ఒకటి రాయండి: ధాన్యంపై కప్పే బరకాలు సర్దడం, ఆ తోడికోడలికి ఫోను చేయడం. మిగతాది ప్రార్థనకు వదలండి. చర్చికి, మసీదుకు వెళ్లేవారికీ ఇది పనికొస్తుంది. దిగులు వారాల తరబడి వదలకపోతే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.