పాత చెక్క పడవ: బాగు చేయాలా, కొత్తది కట్టాలా?

పాత పడవ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని పెయింట్ డబ్బా కొనడం. నేనూ అదే చేశాను. ఒక పక్కంతా గీకి, రుద్ది, రంగేసి, మురిసిపోయి, ఆ తర్వాత లోపలివైపు నుంచి వేలు పెట్టి నొక్కితే రెండు పలకలు మాగిన పండులా లోపలికి పోయాయి. అందుకే ముందు ఒక పూట పరీక్షకే కేటాయించండి. చిన్న సుత్తి, దబ్బనం, టార్చి, పొడుగాటి దారం, సుద్దముక్క ఉంటే చాలు.

మొదట దారం పని. పలకలు మార్చుకోవచ్చు, మేకులు మార్చుకోవచ్చు, కానీ ఆకారం పోయిన పడవను మళ్లీ దారికి తేవడం మహా కష్టం. పడవ అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండే దూలం, అదే కీల్, దాని కింద దారం బిగించి పట్టుకోండి. తిన్నగా ఉండాల్సిన కీల్ నడిమధ్యలో దారానికి పైకి లేచి ఉంటే చివర్లు కిందికి వాలిపోయాయన్నమాట. కొన్నిసార్లు ఇది ఏళ్ల తరబడి సరైన ఆసరా లేకుండా నిలబెట్టడం వల్ల వస్తుంది, చివర్ల కింద దిమ్మలు పెట్టి కొన్ని వారాలు వదిలేస్తే కొంత తిరిగి వస్తుంది కూడా. కీల్ మొదటినుంచీ వంపుగా చేసిన పడవైతే ఈ దారం లెక్క కుదరదు. అప్పుడు కుడి ఎడమల కొలతలు పోల్చి, మెలి తిరిగిందేమో చూసుకోండి.

తర్వాత సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి చెక్క ఖంగుమంటుంది, కుళ్లింది మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట దబ్బనం గుచ్చండి, సులువుగా దిగిపోతే సుద్దతో గుర్తు పెట్టండి. డెక్ అంచులు, వెనక పలక అతుకులు, రిబ్బుల (లోపల పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలు) కింది కొసలు, ఇంకా నీళ్లు నిలిచే ప్రతి మూలా వెతకాలి. ఒక మాట చాలామందికి నమ్మబుద్ధి కాదు: పడవను కుళ్లబెట్టేది ఎక్కువగా సముద్రపు నీరు కాదు, పైనుంచి కారే వాన నీరు. ఉప్పంటే కుళ్లు బూజుకి పడదు. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి, కొంచెం గాలి కూడా అందితే ఆ బూజుకి పండగే. అలాగని సముద్రంలో అంతా క్షేమమేం కాదు, అక్కడ ఓడపురుగు ఉంటుంది (పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి). బయట సూదిమొనంత రంధ్రం, లోపల పలకంతా తేనెపట్టు.

మేకులు కూడా ఒక నాలుగైదు, వేర్వేరు చోట్ల పీకి చూడండి. ఇనుప మేకు తుప్పు పట్టిన చోట చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడిపోతుంది, ఆ రంధ్రంలోనే కొత్త మేకు కొడితే పట్టు ఉండదు. ఇత్తడి స్క్రూ ఉప్పునీళ్లలో నానితే దానిలోని జింక్ పోయి ఎర్రగా, పెళుసుగా తయారవుతుంది. రాగి రివెట్లో కంచు స్క్రూలో ఉంటే మీ అదృష్టం.

ఇక లెక్క. కీల్, ముక్కు దగ్గరి నిలువు దూలం, ఎక్కువ శాతం రిబ్బులు బాగుంటే పలకలు డజను పోయినా నేను బాగు చేయడానికే ఓటేస్తాను. ఒకటీ అరా రిబ్బు వంపు దగ్గర చిట్లితే పక్కనే కొత్తది జోడించొచ్చు. కానీ ప్రతి రెండోదీ చిట్లి, కీల్ కూడా మెత్తబడితే మీరు చేయబోయేది మరమ్మతు కాదు, పాత పడవ లోపలే కొత్త పడవ కట్టడం. దానికి చాకిరీ ఎక్కువ, ఎందుకంటే ముందు విప్పాలి, తర్వాత ప్రతి ముక్కనీ వంకరపోయిన ఆకారానికి అతికించాలి. విప్పేటప్పుడు కూడా అన్నీ ఒకేసారి ఊడదీయకండి, పడవ పువ్వులా విచ్చుకుపోతుంది.

ఎండిన పడవలో పలకల మధ్య సందులు చూసి మాత్రం టెన్షన్ పడొద్దు. నీళ్లలో కొన్ని రోజులుంటే చెక్క ఉబ్బి చాలావరకు అవే మూసుకుంటాయి. ఆ సందుల్లో గట్టిపడే పుట్టీ నింపారంటే, ఉబ్బే పలకలకి చోటు లేక రిబ్బులు విరుగుతాయి. పైన ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసేస్తే సరి అనే సలహా కూడా వస్తుంది. కుళ్లు మొదలైన చెక్క మీద అది వేస్తే తేమ లోపలే చిక్కుకుని, కొన్నాళ్లకి పొరలుగా ఊడుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి మాస్క్ లేకుండా, పొడిగా రుద్దొద్దు.

కొత్తది కట్టాలంటే చిన్న పడవకి మరైన్ ప్లైవుడ్ (నీటికి తట్టుకునే ప్లైవుడ్), ఎపాక్సీ (గట్టిపడే జిగురు) దారి సులువు: ముక్కలు కోసి, రాగి తీగతో కుట్టి, అతుకుల్లో జిగురు, గుడ్డపట్టీ వేయడమే. 1960ల మొదట్లో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ ఈ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చింది. ఎపాక్సీ చర్మానికి తగిలితే అలర్జీ పట్టుకుంటుంది, గ్లవ్స్ మర్చిపోవద్దు. అందరూ పొరబడేది ఖర్చు దగ్గర. పడవ ఒళ్లు పూర్తయితే సగం పైనే అయిపోయిందనుకుంటారు, కానీ తెరచాప కట్టే స్తంభం, తెరచాపలు, ఇంజిన్, చుక్కాని, సామాన్లు కలిపితే మిగిలిన ఖర్చే ఎక్కువ. పాత పడవలో అవి బాగుంటే దాని అసలు విలువ అక్కడే ఉంది.

అందుకే మూడో దారి కూడా ఉంది, నాకు ఇష్టమైనదీ అదే: పాతదాన్ని అచ్చుగా వాడుకోవడం. విరగ్గొట్టకముందే పొడవునా సమాన దూరాల్లో వెడల్పు, లోతు కొలిచి, ప్రతి చోటా వంపుని అట్ట మీద గీసి కోసుకోండి, ఫోటోలు తీయండి, కంచు సామాన్లన్నీ విప్పి దాచండి. ఆ అట్టలనీ, చిట్లని రిబ్బు ఒకదాన్నీ కొత్త పడవ నీళ్లలోకి దిగేదాకా పారేయొద్దు.