రైలు బొమ్మ కొనే ముందు పిల్లల చేతులు చూడండి

విజయవాడ రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ముగ్గురు మనవలకీ రైళ్లు కొనే పని నాదే. పెద్దోడికి రెండేళ్లప్పుడు పెట్టె మీది బొమ్మ చూసి బ్యాటరీ సెట్ తెచ్చాను. తిరుగుతున్న ఇంజన్ని వాడు గబుక్కున పట్టుకున్నాడు. పట్టాలు ఊడొచ్చాయి, చక్రాలు వాడి గుప్పిట్లో గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. ఒకటే ఏడుపు. రైలు దానంతట అది పోతే వాడికి నచ్చదు, తనే తొయ్యాలి.

అందుకే మూడేళ్ల లోపు వాళ్లకు పట్టాలే వద్దు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసి లక్క రంగులద్దే రైలు చాలు. లాగే తాడు జానెడు మించనివ్వకండి, మెడకు చుట్టుకుంటుంది. చక్రాన్ని గట్టిగా లాగి చూడండి. ఊడిన ముక్క 32 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పూర్తిగా పట్టేస్తే, అది గొంతుకు అడ్డం పడే సైజు.

మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు చెక్క పట్టాల సెట్ మంచిది. మామూలుగా ఎనిమిది పెద్ద వంపు ముక్కలు కలిస్తే ఒక గుండ్రం. మొదట ఇరవై ముక్కలు చాలు, కానీ అందులో ఒక పాయింటు, అంటే రైలుని పక్క లైన్లోకి మళ్లించే ముక్క, ఉండాలి. మా మనవరాలు రెండు పెట్టెల్ని పక్క లైన్లోకి తోసి, ఇంజన్ని వెనక్కి తెచ్చి మళ్లీ తగిలించింది. ఎవరూ నేర్పకుండానే షంటింగ్! నాకు కళ్లు చెమర్చాయి. ఈ సెట్లలో పెట్టెల్ని కలిపే కప్లింగులు అయస్కాంతాలు. ఒకటి వదులైనా ఆ పెట్టె తీసెయ్యండి. రెండు మింగితే పేగుల్ని మధ్యలో నొక్కేస్తాయి.

బ్యాటరీ రైలు ఏడేళ్లకు. బ్యాటరీ మూతకు స్క్రూ లేనిది కొనకండి. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి, నమోదైన హస్తకళాకారులకు మాత్రం మినహాయింపు.

పదేళ్లు దాటి, ఓపిగ్గా తుడిచి సర్దుకునే పిల్లలకైతే హెచ్‌ఓ స్కేల్ అనే కొలతలో చేసిన మోడల్ రైలు చూడండి. అసలు రైలుకు 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. పెద్దోడు మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లని 87తో భాగించి, "తాతయ్యా, పందొమ్మిది దాటుతోందేంటి?" అన్నాడు. అది విదేశాల 1435 గేజ్ లెక్క అని చెప్పాను. ఖరీదెక్కువ కాబట్టి ముందు ఒక ఇంజన్, రెండు పెట్టెలు, ఒక గుండ్రం కొనండి. మిగతావి పుట్టినరోజుకొకటి.