కొత్తగా కౌన్సిలర్ అయ్యారా? వార్డు పనులు ఎలా మొదలుపెట్టాలి?

గెలిచిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. వీధిలైటు వెలగడం లేదని ఒకరు, కాలువ పొంగుతోందని ఇంకొకరు. రోడ్డు వేయడానికి, కాలువ బాగుచేయడానికి కౌన్సిలర్‌కు సొంత సిబ్బంది ఉండరు. ఉండేవి అధికారుల్ని అడిగే హక్కు, కౌన్సిల్‌లో ఒక ఓటు. ఈ రెండూ వాడుకునే తీరును బట్టే వార్డుకు మేలు జరుగుతుంది.

ముందుగా వార్డంతా నడిచి తిరగండి. ఒకసారి పగలు, ఒకసారి చీకటి పడ్డాక. మీకు ఓట్లు పడని వీధులను వదలొద్దు. అద్దెకుండేవాళ్లు, రాత్రి దాకా పనిలో ఉండేవాళ్లు మీ ఇంటికి వచ్చి చెప్పుకోలేరు. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి.

తర్వాత ఒక రిజిస్టర్ పెట్టండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఫోన్‌లో చెప్పినా, దారిలో ఆపి చెప్పినా రాసుకోండి: తేదీ, చోటు, చెప్పినవారి పేరు, ఏ విభాగానికి పంపారు, మళ్లీ ఎప్పుడు అడగాలి. కొన్ని నెలలు గడిచాక ఆ పేజీలు తిరగేస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఒకే కాలువ మీద పదేపదే ఫిర్యాదులు వస్తున్నాయంటే పూడిక తీయించి ఊరుకుంటే చాలదు. వెడల్పు చాలడం లేదా, దిగువన ఎక్కడైనా అడ్డు పడిందా అన్నది ఇంజనీరును వెంటబెట్టుకుని వెళ్లి చూడాలి.

అధికారికి ఫోన్ చేయండి, కానీ అదే విషయం రాసి కూడా పంపండి. ఒక ఉత్తరంలో ఒకే సమస్య, ఫొటో, కచ్చితమైన చోటు. ఎప్పటిలోగా చేస్తారో అడగండి. జవాబు రాకపోతే పై అధికారికి రాయండి, అక్కడా కదలిక లేకపోతే కౌన్సిల్‌లో ప్రశ్న వేయండి. ప్రశ్నకు ముందుగా నోటీసు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి సభా నియమాలు చదివి పెట్టుకోండి. "కాలువ సంగతి ఏమైంది?" అంటే "పరిశీలిస్తున్నాం" అనే జవాబు వస్తుంది. "చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఎంత ఖర్చయింది?" అని అడిగితే లెక్క చెప్పక తప్పదు.

పెద్ద పనులకు బడ్జెట్ కావాలి. ఆమోదించే రోజు చెయ్యెత్తితే ఆలస్యమైపోతుంది, విభాగాలు అంచనాలు తయారుచేస్తున్నప్పుడే మీ వార్డు పనులు అందులో చేరాలి. ఏది ముందో జనాన్నే అడగండి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989లో, పేటల సభల్లో జనమే పనుల వరుస తేల్చే పద్ధతి మొదలైంది. తర్వాత ఎన్నో దేశాల నగరాలు దాన్ని అందుకున్నాయి. మీ కౌన్సిల్‌లో ఆ ఏర్పాటు లేకపోయినా, వీధి వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటానికి అడ్డేమీ ఉండదు.

ఒక్కోసారి వార్డులోనే రెండు పక్షాలుంటాయి. ఒకరికి పార్కింగ్ కావాలి, ఇంకొకరికి ఫుట్‌పాత్ కావాలి. ఇద్దరి మాటా విని, మీరు ఎటు ఓటేస్తారో, ఎందుకో ముందే చెప్పండి. మీకో, మీ బంధువులకో లాభం కలిగే విషయమైతే ఆ సంగతి సభలో చెప్పి ఓటుకు దూరంగా ఉండండి.

చివరగా, ఫిర్యాదు చేసినవారికి జవాబు చెప్పండి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. జరిగే వీలులేని పనికి "చూద్దాం" అంటూ నెలల తరబడి తిప్పుకోవడం అన్యాయం. ఎందుకు కాదో చెబితే వాళ్లు వేరే దారి చూసుకుంటారు. రిజిస్టర్‌లో "తిరిగి చెప్పాం" అని ఒక గడి పెట్టి, అది నిండేదాకా ఆ ఫిర్యాదు ముగిసినట్టు రాయకండి.